పంజాబీ మగవారి కోసం తోటివారి సహాయ బృందం: గురుద్వారాలో పెట్టాలా, బయట పెట్టాలా?

#1 మిడ్‌లాండ్స్_నర్సు

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో మానసిక ఆరోగ్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా ప్రాంతంలో పంజాబీ కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఉంటున్నాయి. 1950, 60 దశకాల్లో పంజాబ్ పల్లెల నుంచి వచ్చిన మగవారు స్మెథిక్, వుల్వర్‌హాంప్టన్, కోవెంట్రీ పోత కర్మాగారాల్లోనూ, లండన్ పక్కనున్న సౌతాల్‌లో రబ్బరు ఫ్యాక్టరీలోనూ రాత్రి షిఫ్టులు చేసి, ఒక్కో గదిలో పలువురు సర్దుకుని, నెమ్మదిగా కుటుంబాలను రప్పించుకున్నారు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో సిక్కులు సుమారు 5,24,000 మంది ఉన్నారు. పంజాబీని తమ ప్రధాన భాషగా నమోదు చేయించుకున్నవారు సుమారు 2,91,000 మంది.

ఇంత పాత సమాజమే అయినా, పంజాబీ మగవారు మా దగ్గరికి చాలా ఆలస్యంగా వస్తారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుందనీ, నిద్ర పట్టడం లేదనీ, కడుపులో తిప్పుతోందనీ ముందు జీపీ (ఇక్కడి స్థానిక కుటుంబ వైద్యుడు) చుట్టూ తిరుగుతారు. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని చెప్పి పంపేశాక మళ్లీ కొన్నేళ్లపాటు కనిపించరు. బెడ్‌ఫర్డ్‌లోని పంజాబీల మధ్య పరిశోధన చేసిన ఇంగా-బ్రిట్ క్రౌజ్ అనే మానవశాస్త్రవేత్త, గుండె జారిపోతోందని వారు చెప్పే బాధలో శరీరం, మనసు, పరువు విడదీయలేనంతగా కలిసి ఉంటాయని 1989లోనే రాశారు. మా విభాగంలో ఆ బాధను విడివిడి గళ్లున్న పత్రంలో నింపమంటాం.

మా పంజాబీ సహోద్యోగులు కొందరు కలిసి మగవారి కోసం తోటివారి సహాయ బృందం, అంటే ఒకే రకమైన కష్టంలో ఉన్నవారు ఒకరి మాట ఒకరు వినే బృందం ఒకటి ప్రారంభించబోతున్నారు. ఈ దేశంలో ఇది కొత్తేమీ కాదు. పంజాబీ సమాజాల మానసిక ఆరోగ్యం కోసం 2017లో మొదలైన 'తరకీ' అనే సంస్థ మగవారికి ఇలాంటి సమావేశాలు నడిపింది. హాలిఫాక్స్ పట్టణంలో 2016లో మొదలైన 'ఆండీస్ మ్యాన్ క్లబ్' సోమవారం సాయంత్రాల్లో మగవారిని ఒకచోట కూర్చోబెడుతూ దేశమంతా వ్యాపించింది. మా వాళ్ల మధ్య తేలని ప్రశ్న ఒకటే: ఎక్కడ కూర్చోవాలి? సగం మంది గురుద్వారా అంటున్నారు, సగం మంది గురుద్వారా తప్ప ఎక్కడైనా సరే అంటున్నారు.

దీన్ని తెలుగువారి మధ్య ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. పంజాబీ పెద్దవారు తమ భాష వచ్చిన సిబ్బందితో చెప్పని సంగతులు నాతో చెబుతుంటారు. నేను వారి బంధువుల పెళ్లిళ్లలో కనిపించను, వారి అమ్మాయి అత్తవారి ఊరు నాకు తెలియదు. తమవాడు కాని మనిషి దగ్గర మాట బయటికి వస్తోందంటే, తమవారితోనే నడిచే బృందం ఎలా నిలబడుతుందన్నది నన్ను వదలని సందేహం. ఇక్కడి సభ్యుల్లో పంజాబ్‌లోనూ, కెనడాలోనూ ఉంటున్నవారున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

#2 అమీర్‌పేట_సింగ్

నర్సు గారికి సత్ శ్రీ అకాల్. మాది హైదరాబాదు సిక్కు కుటుంబం. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకు వచ్చిన దళంలో మా పూర్వీకులు ఉన్నారని మా పెద్దలు చెబుతారు. నేను చదువుకున్నది తెలుగు మాధ్యమంలో. మా అక్క కుటుంబం బర్మింగ్‌హామ్‌లో ఉండటం వల్ల మీరు చెబుతున్న ప్రాంతం నాకు కొంత తెలుసు.

నేను గురుద్వారా వైపే మాట్లాడతాను. సంగత్ అంటేనే కలిసి కూర్చోవడం. బాధను దాచుకోమని మా ధర్మం ఎక్కడా చెప్పలేదు. గురునానక్ జీవితాన్ని చెప్పే జన్మసాఖీ కథల్లో ఒక ఘట్టం ఉంది. యువకుడైన నానక్ ఎవరితోనూ మాట్లాడకుండా, తినకుండా పడుకుని ఉంటే ఇంట్లోవారు భయపడి వైద్యుణ్ణి పిలిపిస్తారు. వైద్యుడు చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, నొప్పి ఉన్నది చేతిలో కాదనీ గుండె లోతులోననీ నానక్ అంటారు. గురువు ఆవేదన పరమాత్మ కోసం పడినది, మన కుంగుబాటుతో దాన్ని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అయినా ఐదు వందల ఏళ్లుగా ఈ కథ వింటున్న సమాజంలో, నాడికి అందని నొప్పి ఒకటి ఉంటుందని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

నేను గమనించిన ఇంకో సంగతి రాస్తాను. గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్ వంటశాలలో పెద్ద పెనం దగ్గర రొట్టెలు తిరగేసే మగవారిని చూడండి. అందరి చూపూ పెనం మీదే ఉంటుంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆ వేడిలో, ఆ చప్పుడులో పక్కవాడితో, 'కొడుకు ఇంటికి రావడం మానేశాడు' అని ఒకాయన అంటాడు. రెండో ఆయన రొట్టె తిప్పి, 'మావాడూ అంతే' అంటాడు. అంతటితో ఆ మాట ఆగిపోతుంది, ఇద్దరూ పని కొనసాగిస్తారు. ఇదే మనుషుల్ని ఒక గదిలో గుండ్రంగా కుర్చీలు వేసి కూర్చోబెడితే నోరు విప్పుతారని నేను అనుకోను. చేతికి పని ఉన్నచోటే మా మగవారి మాట కదులుతుంది. కాబట్టి సేవతో మొదలుపెట్టి, తరువాత పక్క గదికి తీసుకువెళ్లండి.

#3 మిడ్‌లాండ్స్_నర్సు

సింగ్ గారూ, పెనం దగ్గరి సంగతి మా వాళ్లకు తప్పకుండా చెబుతాను. గురుద్వారా వద్దనేవారి కారణాలు కూడా మీ ముందు పెట్టాలి. అవి తేలికైనవి కావు.

మొదటిది, ఇక్కడ గురుద్వారా ఒక్కటి కాదు. కులవర్గాలను బట్టి రామ్‌గఢియాలకు వేరు, రవిదాసీలకు వేరు, భాట్రాలకు వేరు ప్రార్థనా స్థలాలున్నాయి. కొన్నిచోట్ల కమిటీ ఎన్నికల్లో కుటుంబాలు రెండు వర్గాలుగా చీలిపోతాయి. ఏ గురుద్వారాలో పెట్టినా, అది ఎవరిదన్న లెక్క ముందే పడిపోయి కొందరు గడప దాటరు. రెండవది, పంజాబీలంటే సిక్కులు మాత్రమే కాదు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూడా అదే భాష మాట్లాడుతూ అవే వీధుల్లో ఉంటున్నారు.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, మద్యం. 2018లో బీబీసీ చేయించిన సర్వేలో, తమ కుటుంబంలో ఒకరికైనా మద్యం సమస్య ఉందని బ్రిటన్ సిక్కుల్లో 27 శాతం మంది చెప్పారు. పెళ్లి విందులో తాగనివాణ్ణి మగతనం లేనివాడన్నట్టు చూసే మనుషులే, తాగి పడిపోయినవాణ్ణి ఇంటి పరువు తీశాడని దూరం పెడతారు. రాత్రి తాగినవాడు మర్నాడు గురు గ్రంథ్ సాహిబ్ ఉన్న చోటికి రావడానికి తాను అర్హుణ్ణి కాదనుకుంటాడు. జుట్టు కత్తిరించుకున్నవారు, పెళ్లి విడాకుల్లో ముగిసినవారు, మగవారినే ప్రేమించే మగవారు, వీరందరూ ఇదే కారణంతో గుమ్మం బయటే ఆగిపోతున్నారు. సహాయం అందరికన్నా ఎక్కువ అవసరమైనవారు రాలేని చోట బృందం పెట్టి ప్రయోజనం ఏమిటని మా వాళ్లు అడుగుతున్నారు.

#4 బ్రాంప్టన్_గోదావరి

నర్సు అన్నా, నేను కెనడాలో ఒక రవాణా సంస్థలో బండ్ల రాకపోకలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. మా డ్రైవర్లలో ఎక్కువమంది పంజాబీ కుర్రాళ్లే. 2021 లెక్కల్లో ఈ దేశంలో సిక్కులు 7,70,000 దాటారు. బ్రాంప్టన్‌లోనూ, పశ్చిమ తీరాన సర్రేలోనూ పంజాబీ వినిపించని వీధి ఉండదు. మీ దగ్గర గురుద్వారాలోనా బయటా అన్నది ప్రశ్న అయితే, మా దగ్గర అసలు ఒకచోట కూర్చోగల మనిషే దొరకడు. చలికాలంలో హైవే మీద ఒంటరిగా రోజుల తరబడి బండి నడిపేవాడికి, పగలు కాలేజీ, రాత్రి గిడ్డంగి పని చేసే విద్యార్థికి ఆదివారం మధ్యాహ్నం సమావేశం అంటే అర్థం లేదు.

వారి మీదున్న భారం ఎలాంటిదో చెబుతాను. చాలామంది వెనక అమ్ముకున్న పొలమో, తాకట్టు పెట్టిన ఇల్లో ఉంటుంది. విద్యార్థి తన ఖర్చులకు డబ్బు ఉందని చూపించాల్సిన మొత్తాన్ని కెనడా ప్రభుత్వం 2024 జనవరి 1 నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. అదే నెలలో విద్యార్థి అనుమతుల సంఖ్య మీద పరిమితి కూడా ప్రకటించింది. ఏజెంట్లు ఇచ్చిన నకిలీ ప్రవేశ పత్రాల వల్ల దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందేమోనని 2023లో పంజాబీ విద్యార్థులు రోడ్డు మీద శిబిరం వేసుకుని కూర్చోవడం అందరూ చూశారు. ఇంత ఒత్తిడిలో ఉన్న పిల్లవాడు ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు స్నేహితుడి కారు పక్కన నిలబడి నవ్వుతాడు. నేలమాళిగలో తాను పడుకునే పరుపును తల్లికి చూపించడు. తన చెల్లెలి పెళ్లి తన సంపాదన మీదే ఆధారపడి ఉందని వాడికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

మా దగ్గర కొంతవరకు పనిచేసింది ఫోన్ సమావేశం. రాత్రి పొద్దుపోయాక, ముఖం కనిపించకుండా, అసలు పేరు చెప్పనక్కర్లేకుండా కలుస్తారు. నడిపేవాడు కూడా ఒకప్పుడు బండి నడిపిన మనిషే. బండి ఆపి ఉన్నప్పుడు మాత్రమే మాట్లాడాలన్నది మొదటి నియమం. దారి మీద కన్నీళ్లు పెట్టుకున్నవాడు ప్రమాదంలో పడతాడు. దీన్ని వాట్సాప్ గుంపుగా మాత్రం నడపకండి. అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఒకరు తీసిన స్క్రీన్‌షాట్ గంటలో పంజాబ్‌లో మోగా జిల్లాలోని ఊరికి చేరిపోతుంది. అలా చేరిన ఒక మాట వల్ల మా ఎరుకలోనే ఒక కుర్రాడు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు.

#5 వినే_చెవి

నేను హైదరాబాదులో కౌన్సెలర్‌ని. చాలాకాలం హెల్ప్‌లైన్‌లో పనిచేశాను. నర్సు గారూ, చోటు గురించి మీరు ఇంతగా ఆలోచిస్తున్నందుకు సంతోషం. అయితే బృందాన్ని నడిపేవారి తయారీ గురించి ఇప్పటివరకు ఎవరూ రాయలేదు. నేను దాని మీదే కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సదుద్దేశంతో మొదలై, నడిపినవారినే కుంగదీసి మూతపడిన బృందాలు నాకు తెలుసు.

తోటి మనిషి వైద్యుడు కాడు, కానక్కర్లేదు. శిక్షణ పొందిన మామూలు మనుషులు చాలా చేయగలరనడానికి జింబాబ్వే గట్టి ఉదాహరణ. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఊరి అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి, కష్టంలో ఉన్నవారు చెప్పేది వినమన్నారు. ఆ పద్ధతి కుంగుబాటు లక్షణాలను తగ్గించిందని 2016లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఆ అమ్మమ్మలను బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేయలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. వారికి శిక్షణ ఉంది, వెనక వైద్య సిబ్బంది పర్యవేక్షణ ఉంది, తమ చేతిలో లేని కేసును ఎవరికి అప్పగించాలో వారికి తెలుసు.

పంజాబీ మగవారి బృందంలో శిక్షణకు కష్టమైన భాగం సలహా ఇవ్వకుండా ఉండటం. ఇంటికి పెద్దకొడుకుగా పెరిగినవాడికి ఎదుటివాడి బాధ వినగానే పరిష్కారం చెప్పాలనిపిస్తుంది: లాయరు నంబరు ఇస్తాడు, అప్పు తానే తీరుస్తానంటాడు, అమృత్‌సర్ వెళ్లి దర్శనం చేసుకుని రమ్మంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ క్షణంలో ఎదుటివాడు చెప్పబోతున్న రెండో వాక్యం గొంతులోనే ఉండిపోతుంది. అందుకే నడిపేవారు, 'అప్పుడు మీకు ఎలా అనిపించింది?' అని అడిగి ఊరుకోవడం నేర్చుకోవాలి. ఆ మౌనం ఎంత బరువుగా ఉన్నా దాన్ని వారే మొయ్యాలి.

చచ్చిపోవాలని ఉందని ఒకరు సూచనగా అన్నా, దాన్ని దాటవేయకూడదు. 'ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?' అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగినప్పుడే చాలామందికి ఊపిరి తిరుగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు వెంట వెళ్లాలి అన్నది ముందే కాగితం మీద రాసి ఉండాలి. బ్రిటన్‌లో సమారిటన్స్ హెల్ప్‌లైన్ నంబరు 116 123. కెనడాలో 2023 నవంబరు 30 నుంచి 988 పనిచేస్తోంది. మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 తెలుగులోనూ పంజాబీలోనూ మాట్లాడుతుంది. గోప్యతకు ఉన్న మినహాయింపు కూడా మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనుకుంటే, పిల్లలకు హాని జరుగుతోందనిపిస్తే, ఆ మాట గదిలోనే ఉండదని అందరికీ ముందుగా తెలియాలి.

ఒక ఆడమనిషిగా ఇంకొకటి అడుగుతున్నాను. తాను భార్యను కొట్టానని ఒకాయన ఆ గదిలో చెబితే మీ వాళ్లు ఏం చేస్తారు? అతని బాధ నిజమే, వినాలి కూడా. కానీ చుట్టూ ఉన్నవారు భుజం తట్టి, 'ఒత్తిడిలో అలా జరుగుతుందిలే, భాయ్' అంటే, ఇంట్లో ఉన్న ఆమెకు ఆ బృందం చేసిన మేలు ఏమీ ఉండదు. బృందం ప్రారంభించకముందే దీని మీద నిర్ణయం ఉండాలి.

#6 మిడ్‌లాండ్స్_నర్సు

అక్కా, మీ చివరి ప్రశ్నకు మా వాళ్ల దగ్గర ఇప్పటివరకు సమాధానం లేదు. ఈ వారం సమావేశంలో మొదటి అంశంగా పెడతాను. ఇంట్లో హింస గురించి మా విభాగంలో ఉన్న విధానాన్నే బృందానికీ వర్తింపజేయాలని నా అభిప్రాయం.

#7 లూధియానా_పల్నాడు

నేను పల్నాడు నుంచి వచ్చి లూధియానాలో వ్యవసాయ పరిశోధన చేస్తున్నాను. ఈ చర్చంతా విదేశాల్లోని పంజాబీల చుట్టూ తిరుగుతోంది. ఇక్కడి పల్లెల పరిస్థితి కూడా రాయాలనిపించింది.

పంజాబ్‌లోని మూడు విశ్వవిద్యాలయాలు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో 2000 నుంచి 2015 వరకు 16,600 మందికి పైగా రైతులు, వ్యవసాయ కూలీలు ఆత్మహత్య చేసుకున్నట్టు తేలింది. సంగ్రూర్, మాన్సా, బఠిండా వంటి మాల్వా ప్రాంత జిల్లాల్లో ఆ దెబ్బ ఎక్కువ. అప్పు, పురుగుమందు డబ్బా, మాట్లాడని మగవాడు: మా పల్నాటి పల్లెల్లో నేను చూస్తూ పెరిగిన వరసే ఇక్కడా ఉంది. మత్తు మందులది మరో గాయం. 2015లో జరిగిన రాష్ట్రవ్యాప్త సర్వే, నల్లమందు జాతి మత్తుకు బానిసలైనవారు సుమారు 2,30,000 మంది ఉన్నారని అంచనా వేసింది. వారిలో దాదాపు అందరూ మగవారే. 2017 అక్టోబరు నుంచి ప్రభుత్వ క్లినిక్‌లలో ఆ మత్తు నుంచి బయటపడటానికి నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మందు కలిసిన మాత్రలు ఇస్తున్నారు. ఆ మాత్ర కోసం వరసలో నిలబడినవారి మధ్య పుట్టే స్నేహాలను నేను దగ్గర నుంచి చూశాను. పాతవాడు కొత్తవాడికి, 'మొదటి వారం ఒళ్లంతా లాగుతుంది, భయపడకు, తగ్గుతుంది' అని చెబుతాడు. డాక్టరు చెప్పినా నమ్మనివాడు ఆ మాటకు ఆగుతాడు. అక్కడ ఎవరూ బృందం పెట్టలేదు, ఎవరికీ శిక్షణ లేదు. ఆ వరసకు ఒక నీడ, నాలుగు కుర్చీలు, వినడం వచ్చిన మనిషిని ఒకరిని ఇస్తే ఎంత జరిగేదో అని ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ప్రతి ఊళ్లోనూ 'సథ్' అనే చోటు ఉంటుంది, మన రచ్చబండ లాంటిదే. చెట్టు కింద తిన్నె మీద పెద్దవారు పొద్దున్నే చేరి పేకాడతారు, మండీలో (ధాన్యం మార్కెట్‌లో) ధాన్యం సంగతి, ఎన్నికల సంగతి మాట్లాడతారు. సింగ్ గారి పెనం లాగే అది కూడా పక్కపక్కన కూర్చునే చోటు. అయితే అప్పులో ఉన్నవాడు అందరికన్నా ముందు ఆ చోటుకు రావడం మానేస్తాడు, ఎందుకంటే అప్పిచ్చిన ఆఢతీ (మండీ కమీషన్ ఏజెంటు) కూడా అక్కడే కూర్చుని ఉంటాడు. ఊళ్లో ఒక మనిషి సథ్‌కు రావడం ఆగిపోతే, వెళ్లి తలుపు తట్టే బాధ్యత ఎవరికైనా అప్పగించాలి. నన్నడిగితే పల్లెలో తోటివారి ఆసరా అక్కడ మొదలవ్వాలి.

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దింపింది. చేతులకు సంకెళ్లతో తెచ్చారన్న వార్త దేశమంతా చూసింది. వారిలో పంజాబ్ యువకులూ ఉన్నారు. అలా తిరిగి వచ్చినవాడికి అప్పు ఉంటుంది, పొలం ఉండదు, ఊళ్లో తలెత్తుకోలేడు. వాడి దగ్గరికి ఆ మొదటి నెలలో ఎవరు వెళ్లాలి?

#8 కృష్ణా_తీరం

పెద్దలు మన్నించాలి, నాది వేరే అభిప్రాయం. ఇందులో నాకు ఒక ప్రమాదం కనిపిస్తోంది. అప్పు వల్ల చనిపోయే రైతుకు కావలసింది అప్పు తీరే మార్గం, పంటకు ధర. 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ శివార్లలో సింఘూ, టిక్రీ సరిహద్దుల్లో కూర్చున్న పంజాబ్ రైతులు అడిగినవాటిలో పంటకు ధర ఒకటి, వారిని ఎవరూ కౌన్సెలింగ్‌కు వెళ్లమనలేదు. విద్యార్థికి కావలసింది మోసం చేయని ఏజెంటు, నివసించదగ్గ గది. ఇవేవీ ఇవ్వకుండా ఒకరి బాధ ఒకరు వినండని చెబితే, ప్రభుత్వాలు తమ బాధ్యతను మనుషుల మంచితనం మీదికి నెట్టేసినట్టు కాదా? వైద్యుల కొరతను స్వచ్ఛంద కార్యకర్తలతో కప్పిపుచ్చడం మన రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం.

#9 లూధియానా_పల్నాడు

కృష్ణా గారూ, మీ మాటలో చాలావరకు నేను ఏకీభవిస్తాను. కానీ మీరు చెప్పిన సింఘూనే తీసుకోండి. అక్కడ ట్రాక్టర్ ట్రాలీల్లో పడుకున్న వృద్ధులతో మాట్లాడిన తరువాత నాకు తెలిసింది ఏమిటంటే, వారిలో చాలామందికి తమ అప్పు ఎంతో పక్క ట్రాలీ మనిషితో చెప్పడం జీవితంలో అదే మొదటిసారి. పక్కవాడికీ అంతే అప్పు ఉందని తెలిసినప్పుడు అది తన చేతగానితనం వల్ల వచ్చిందన్న నమ్మకం సడలింది. ధర అడగడానికి కావలసిన ధైర్యం కూడా అక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. కాబట్టి ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా నేను చూడలేను. బృందంలో అప్పుల చట్టం తెలిసిన మనిషి ఫోన్ నంబరు ఉండాలన్నది మాత్రం మీ మాటల నుంచి నేను తీసుకుంటున్నాను.

#10 వినే_చెవి

కృష్ణా గారి హెచ్చరికను నేను కూడా సమర్థిస్తున్నాను. బృందానికి వస్తున్నాడు కదా అని ఒక మనిషి మందులు ఆపేస్తే, లేదా అతన్ని మానసిక వైద్యుడి దగ్గరికి పంపడం ఆలస్యమైతే, అది బృందం చేసిన హాని. ఎవరికీ కనిపించనివి కనిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహంగా తిరుగుతున్నా, తోటివారు వినడంతో సరిపెట్టకుండా వెంటపెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంగ్లండ్‌లో మాటల ద్వారా చేసే మానసిక చికిత్సల కోసం డాక్టరు ఉత్తరం లేకుండా ఎవరికివారే పేరు ఇచ్చుకోవచ్చు. ఆ దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చునే మనిషి దొరకడం కూడా బృందం వల్ల కలిగే మేలే.

#11 అమీర్‌పేట_సింగ్

నర్సు గారూ, మీరు మూడో పోస్టులో రాసిన కారణాలను రెండు రోజులు ఆలోచించాను. గుమ్మం బయట ఆగిపోయేవారి గురించి మీరు రాసినది నిజం. బృందం సమావేశం గురుద్వారా బయటే జరగనివ్వండి. గురుద్వారా లోపల ఆ బృందం గురించి ప్రకటన జరగాలి. ఆదివారం దీవాన్ (ప్రార్థన సభ) ముగిసే ముందు మైకులో కార్యదర్శి ఇతర ప్రకటనలతో పాటు, 'మనసు బాగాలేని మగవారు ఫలానా చోట కలుస్తారు, అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు' అని మామూలు గొంతుతో చదివితే, ఆ విషయానికి ఉన్న సిగ్గు సగం తగ్గుతుంది. రవిదాసీ సభలోనూ, మందిరంలోనూ, మసీదులోనూ అదే వాక్యం చదివించండి.

మీ సందేహానికి, అంటే తమవాడు కాని మనిషి దగ్గరే మాట ఎందుకు వస్తోందన్నదానికి, నాకు తోచినది రాస్తాను. మా వాళ్లు భయపడేది పంజాబీవాడికి కాదు, తమ వీధివాడికి. కాబట్టి వుల్వర్‌హాంప్టన్ బృందాన్ని లెస్టర్ మనిషి నడిపితే, లెస్టర్ బృందాన్ని వుల్వర్‌హాంప్టన్ మనిషి నడిపితే సరిపోతుందేమో చూడండి. భాష తెలుసు, పరువు అంటే ఏమిటో తెలుసు, ఎవరి అల్లుడు ఎవరో మాత్రం తెలియదు.

ఇంకొకటి జాగ్రత్తగా రాయాలి. మా తరం మగవారి గదిలో ఎప్పుడో ఒకప్పుడు 1984 వస్తుంది. జూన్‌లో దర్బార్ సాహిబ్ (స్వర్ణ దేవాలయం) మీద జరిగిన సైనిక చర్య, నవంబరులో ఢిల్లీ వీధుల్లో సిక్కుల మీద జరిగిన హింస, ఆ తరువాతి పదేళ్లలో పంజాబ్ పల్లెల నుంచి తీసుకుపోయి తిరిగి పంపని కొడుకుల సంగతి. ఇంకా పెద్దవారికి 1947 దేశ విభజన ఉంది. ఈ విషయాలు వచ్చినప్పుడు ఆ గది రాజకీయ వాదంగా మారిపోవచ్చు, లేదా ఎవరూ ఊపిరి తీయలేనంత నిశ్శబ్దం పడవచ్చు. నడిపేవారు చెప్పమని ఒత్తిడి చేయకూడదు, ఆపమని కూడా అనకూడదు. తండ్రి ఎందుకు అంత కోపిష్ఠిగా ఉండేవాడో కొడుక్కి యాభై ఏళ్ల వయసులో అక్కడే అర్థం కావచ్చు.

#12 బ్రాంప్టన్_గోదావరి

సింగ్ గారి ఊళ్లు మార్చుకునే ఆలోచన చాలా బాగుంది. మా ఫోన్ సమావేశాన్ని నడిపే మనిషి అల్బర్టాలో ఉంటాడు. అతనితో కుర్రాళ్లు అంత తేలికగా ఎందుకు మాట్లాడతారో నాకు ఇప్పుడు తెలిసింది.

#13 మిడ్‌లాండ్స్_నర్సు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వాళ్లు కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకున్నారు. మొదటి మూడు నెలలు పట్టణ గ్రంథాలయం పక్కనున్న సామాజిక భవనంలో కలుస్తారు. ఆ భవనంలో వంటగది ఉంది. సింగ్ గారి మాట ప్రకారం చాయ్, పకోడీ వచ్చినవారే చేసుకుంటారు, అది పూర్తయ్యాకే కూర్చుంటారు. ప్రతి సమావేశానికీ ఇద్దరు నడిపేవారు ఉంటారు, వారిలో ఒకరు పొరుగు పట్టణం నుంచి వస్తారు. సమావేశం ముగిశాక వారిద్దరూ మా విభాగంలోని అనుభవజ్ఞురాలితో మాట్లాడాకే ఇంటికి వెళతారు. ఇంట్లో హింస గురించి అక్క అడిగినదాన్ని నియమాల పత్రంలో రెండో అంశంగా చేర్చారు. వాట్సాప్ గుంపు ఉండదు. రాత్రి షిఫ్టు వారికోసం ఫోన్ సమావేశం తరువాతి దశలో చూస్తారు.

తేలనిది ఒకటి మిగిలింది. ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రాళ్లు ఇంగ్లిష్‌లో తప్ప మనసు విప్పలేరు, పోత కర్మాగారాల తరం పెద్దవారు పంజాబీలో తప్ప మాట్లాడలేరు. వేరువేరుగా కూర్చోబెట్టడం తేలిక. కానీ ఒకాయన తన కొడుకు వయసు కుర్రాడి నోట తన కొడుకు ఎన్నడూ చెప్పని మాట వినే అవకాశం అప్పుడు పోతుంది. అందుకని నెలకు ఒక్కసారైనా కలిపి కూర్చోబెట్టాలనుకుంటున్నారు. సింగ్ గారూ, నియమాల పత్రం ఇంగ్లిష్‌లో సిద్ధంగా ఉంది. దాన్ని పెద్దవారికి అర్థమయ్యే మాటల్లో పెట్టడానికి సహాయం చేయగలరా?

#14 అమీర్‌పేట_సింగ్

తప్పకుండా పంపండి. పంజాబీకి మేము వాడే గురుముఖి లిపిలో నేను రాస్తాను. పాకిస్తాన్ వైపు నుంచి వచ్చినవారు షాముఖి లిపి చదువుతారు, దానికి ఉర్దూ వచ్చిన మా పాతబస్తీ మిత్రుడిని అడుగుతాను. చదువు రాని పెద్దవారు కూడా వస్తారు కాబట్టి, పత్రం పంచి ఊరుకోకుండా ప్రతి సమావేశం మొదట్లో ఎవరో ఒకరు పైకి చదవాలి. అది చదివే పని ఆ బృందంలో అందరికన్నా చిన్నవాడికి ఇవ్వండి. గోప్యత నియమాన్ని రాసేటప్పుడు భార్యకు కూడా చెప్పకూడదన్నది విడిగా చేర్చండి. చాలామంది మా ఇంట్లో చెబితే బయట చెప్పినట్టు కాదనుకుంటారు.